పెరిగే పిల్లికూన గిన్నెలో ఏముండాలి?

(అక్టోబరు 4, ప్రపంచ జంతు దినోత్సవం సందర్భంగా తెనాలిలోని ఒక గ్రంథాలయ సభలో విశ్రాంత పశువైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, సాయంత్రపు పనులు పక్కనబెట్టి వచ్చిన అమ్మలకు, అయ్యలకు, ముందు వరసలో కింద కూర్చున్న పిల్లలకు నా నమస్కారాలు. మూగజీవాల పట్ల కరుణ అనే విషయం మీద మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరారు. కరుణను గురించి నాకంటే చక్కగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు కనుక, నాకిచ్చిన సమయమంతా ఒకే సంగతికి వాడుకుంటాను. వీధిలోంచి పిల్లికూనను తెచ్చి పెంచుకునే సామాన్య కుటుంబం, ఉన్నంతలో దానికి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి అన్నదే ఆ సంగతి.

మన ఇళ్ళలో పిల్లి అనగానే పాలు గుర్తుకొస్తాయి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి మన సామెతల్లోకి కూడా ఎక్కింది. అందుచేత కూన ఇంట్లో అడుగుపెట్టిన రోజునే ఒక చిప్పలో పాలు పోస్తాం, రెండో రోజున అందులో నాలుగు మెతుకులు కలుపుతాం. తల్లిపాలు మానుతున్న కొద్దీ కూన పేగుల్లో పాలచక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. అరగని ఆ చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. కిలో బరువైనా లేని ప్రాణికి రెండు మూడు రోజుల విరేచనాలు చాలు, ఒంట్లో నీరు ఇంకిపోయి ప్రాణం మీదికి రావడానికి.

తెనాలిలో నిలబడి రామకృష్ణకవి పిల్లిని తలచుకోకుండా ఉండలేను. విజయనగరంలో ఎలుకల బాధ ఎక్కువైందని రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దానికి పాల కోసం ఒక ఆవును ఇప్పించారట. రామకృష్ణుడు మొదటిరోజే మరిగే పాలు పెట్టి పిల్లి మూతి కాలేలా చేశాడు, ఆనాటి నుంచి అది పాలు చూస్తే పరుగెత్తింది, కవిగారి ఇంటివారు పాలన్నీ తాగారు, పిల్లి బక్కచిక్కింది. చిన్నప్పటి నుంచి ఈ కథ వింటూనే ఉన్నాం. ఎలుకలను పట్టడానికి తెచ్చిన జంతువుకు ఎలుక తినే కడుపు ఉందన్న సంగతి ఆ కథలో ఎవరికీ తట్టదు. పాలు లేకపోతే పిల్లి చిక్కిపోతుందని కథ మనకు నేర్పింది, మనం నమ్మాం. పిల్లలూ, ఈ కథను మీరు మళ్ళీ ఎవరికైనా చెప్పేటప్పుడు, ఆ పిల్లికి పాలు కాకుండా ఇంకేం పెట్టవలసిందో కూడా చెప్పండి.

పిల్లి పూర్తిగా మాంసాహారి. కుక్కలాగా, మనలాగా అన్నంతోనో రొట్టెతోనో సర్దుకోగల శరీరం కాదు దానిది. టారిన్ అనే పోషకాన్ని అది తన అవసరానికి సరిపడా తయారుచేసుకోలేదు, మాంసం నుంచే పొందాలి. క్యారెట్‌లోని పదార్థాన్ని మనం విటమిన్ ఎ గా మార్చుకుంటాం, పిల్లికి ఆ సామర్థ్యం లేదు. పాలలోని కేసిన్‌నే మాంసకృత్తుగా పెట్టి పెంచిన పిల్లులకు టారిన్ లోపం వల్ల కంటి లోపల చూపునిచ్చే పొర, రెటీనా, క్షీణిస్తున్నదని 1975లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పాల్ పియన్, ఆయన సహచరులు అదే లోపం గుండె కండరాన్ని బలహీనపరచి, గుండెను సాగదీసి చంపుతున్నదని నిరూపించారు. ఆ తరువాతే పిల్లుల ఆహారం తయారుచేసే సంస్థలు టారిన్‌ను పెంచాయి.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లలను చదివించుకుంటున్న ఒకావిడ కూరల సంచిలో పిల్లికూనను పెట్టుకుని వచ్చింది. తోక కింద వెంట్రుకలు అంటుకుపోయి ఉన్నాయి, వేలితో తడిమితే వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కకు వస్తున్నాయి, పొట్ట మాత్రం గుండ్రంగా బిగిసి ఉంది. "మేం టీ మానేసి పాలు దీనికే పోస్తున్నామండి, అయినా ఒళ్ళు పట్టట్లేదు డాక్టరుగారూ" అన్నది. ఒక దుకాణదారు పాలలో నీళ్ళు కలిపి పొయ్యమని సలహా ఇచ్చాడట, ఆమె అలాగే చేసింది, ఉన్న కాస్త బలమూ పల్చనైపోయింది. పాలు మాన్పించి, నులిపురుగుల మందు వేసి, ఉడికించిన కోడిమాంసాన్ని మెత్తగా మెదిపి కొద్దికొద్దిగా పెట్టించాం, కూన కోలుకుంది. కానీ తాము తాగే టీ మానుకుని మరీ ఆ ఇల్లు పెట్టిన ఖర్చు అంతా ఆ కూనను చంపే వైపుకే వెళ్ళిందన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. అయ్యా, అమ్మా, పేదరికం వల్ల పోయిన కూనల కంటే ప్రేమతో పోసిన పాల వల్ల పోయిన కూనలనే నేను ఎక్కువ చూశాను.

లెక్క చూడండి. కూనకు రోజుకు అర లీటరు పాలు పోస్తున్నారనుకుంటే నెలకు పదిహేను లీటర్లు. రెండు నెలల వయసున్న, సుమారు కిలో బరువున్న కూనకు రోజుకు దాదాపు 200 కేలరీలు కావాలి. కూనల కోసమే తయారైన పొడి ఆహారం 50 గ్రాములలో అంత శక్తి ఉంటుంది, అంటే నెలకు ఒకటిన్నర కిలో. పదిహేను లీటర్ల పాల డబ్బుతో ఆ ఒకటిన్నర కిలో సాధారణ రకం ఆహారం వచ్చి ఇంకా కొంత మిగులుతుంది. కొనేటప్పుడు కూనల కోసమని, సంపూర్ణ ఆహారమని సంచి మీద ఉన్నదో లేదో చదవండి. కుక్కల ఆహారం చవక అని తెచ్చి పెట్టకండి, అందులో పిల్లికి చాలినంత మాంసకృత్తులు గాని, టారిన్ గాని ఉండవు. సంచి విప్పి విడిగా తూచి అమ్మేదాన్ని కూడా నేను కొనమనను, అది ఎప్పుడు విప్పినదో, కొవ్వు ఎంత ముక్కిపోయిందో మనకు తెలియదు. పెద్ద సంచి కిలో లెక్కన చవకే అయినా నెలా నెలన్నరలో అయిపోయేంతే కొని, గాలి చొరని డబ్బాలో దాచండి.

రోజు తిండిలో మూడొంతులు ఈ పొడి ఆహారం ఉంచి, నాలుగో వంతు ఇంట్లో వండినది పెట్టవచ్చు. ఒక రోజు ఉడికించిన గుడ్డులో సగం, మరొక రోజు పాతిక ముప్పై గ్రాముల ఉడికించిన కోడి గుండెకాయ గాని, తొడ మాంసం గాని సరిపోతుంది. ఉప్పు, కారం, పసుపు ఏదీ వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి అసలు తగలకూడదు, అవి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఉడికించిన నీళ్ళు పారబోయకండి, టారిన్‌లో చాలా భాగం ఆ నీళ్ళలోకే దిగుతుంది, గోరువెచ్చగా ఆహారం మీదే పోయండి. పిల్లులు స్వతహాగా నీళ్ళు తక్కువ తాగుతాయి కనుక ఆ తడి కూడా మేలే చేస్తుంది. కోడిమాంసం దుకాణాలు నడిపే సోదరులు ఈ సభలో ఉన్నారు. గుండెకాయలు వేరుగా అడిగేవారికి కాస్త తక్కువ ధరకు ఇవ్వండి, మీకు పెద్దగా నష్టం రాదు, ఒక కూనకు చూపు నిలుస్తుంది.

రుచికి మరిగింది కదా అని రోజూ కాలేయమే పెట్టకండి. అందులో విటమిన్ ఎ మోతాదు మించి ఉంటుంది, నెలల తరబడి తింటే మెడ ఎముకలు అతుక్కుపోతాయి. ఎముక లేని మాంసం ఒక్కటే పెట్టినా ప్రమాదమే, అందులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బహు తక్కువ, ఎదిగే ఎముకలు వంగి కాస్త దూకినా విరుగుతాయి. ప్యాకెట్ ఆహారం ఏమాత్రం కొనలేని ఇంటివారు కిలో మాంసానికి ఒక టీస్పూను మెత్తని గుడ్డు పెంకు పొడి కలపాలి. అయినా మిగిలిన లోపాల కోసం పశువైద్యుణ్ణి అడగక తప్పదు. నెత్తళ్ళు చవకగా దొరికిన రోజున ఉడికించి పెట్టండి, పచ్చివి వద్దు, నిత్యమూ చేపే వద్దు. ఉప్పు పట్టించిన ఎండుచేపలు, ఉడికిన ఎముకలు గిన్నెలోకి రానివ్వకండి.

ఇక్కడ శాకాహారుల ఇళ్ళ నుంచి వచ్చినవారు ఇబ్బందిగా చూస్తున్నారు, నాకు కనబడుతోంది. మీ వంటింట్లో మాంసం వండమని నేను అనను. కానీ పెరుగన్నం మీద పెంచిన పిల్లి కళ్ళు పోగొట్టుకుంటే ఆ పాపం ఏ ఆచారమూ తీర్చదు. ప్యాకెట్ ఆహారం వసారాలో పెట్టుకుని అక్కడే గిన్నె వేయండి. అందుకూ మనసు ఒప్పకపోతే, దయచేసి ఆ కూనను మాంసం తినే పొరుగింటివారికి అప్పగించండి.

కళ్ళు తెరిచీ తెరవని, నాలుగు వారాలైనా నిండని కూన దొరికితే సంగతి వేరు. దానికి పిల్లికూనల కోసం తయారయ్యే పాలపొడే పట్టాలి. ముందు ఒళ్ళు వెచ్చబరచి, బోర్లా పడుకోబెట్టి పట్టాలి, వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాలుగో వారం నుంచి పొడి ఆహారాన్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, వేళ్ళ మధ్య నలిగేంత మెత్తగా చేసి అలవాటు చేయండి. నాలుగు నెలల దాకా రోజుకు నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ తరువాత రెండు. నులిపురుగులుంటే మీరు పెట్టినదంతా వాటికే పోతుంది కనుక ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకువెళ్ళి, బరువు తూయించి మందు వేయించండి, మేకలకు వేసే మాత్రలో ముక్క విరిచి మీరే వేయకండి. నాలుగైదు నెలల వయసు దాకా కూన వారానికి సుమారు 100 గ్రాములు పెరగాలి. అది కనిపెట్టడానికి వంటింటి త్రాసు చాలు, ఆదివారం ఆదివారం తూచి గోడ క్యాలెండరు మీద రాయండి.

వేదిక పక్కన బల్ల మీద అలాంటి త్రాసు ఒకటి తెచ్చి ఉంచాను. కూనలను వెంట తెచ్చినవారు ముందుగా రండి, బరువు చూసి ఏ పూట ఎంత పెట్టాలో కాగితం మీద రాసిస్తాను. మిగిలినవారి ప్రశ్నలు ఆ తరువాత తీసుకుంటాను.