అడ్డుకట్టకూ విద్యుత్ కేంద్రానికీ నడుమ

అధ్యక్షులకు, సభికులకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞతలు. ఇచ్చిన సమయం తక్కువ, నేరుగా విషయంలోకి వస్తాను.

జలవిద్యుత్ కోసం నదిని మళ్లిస్తే చేపల వైవిధ్యం ఎలా దెబ్బతింటుందో వరుసగా రాసుకొచ్చాను. ఆ కాగితాలు తీసే ముందు ఒక మడుగు గురించి చెప్పాలి.

ఆ మడుగున్న నది మీద ఒక జలవిద్యుత్ పథకం ఉంది, పెద్ద జలాశయం లేదు కాబట్టి హాని లేదన్న పథకం. చిన్న అడ్డుకట్ట, అక్కడి నుంచి సొరంగం, కొన్ని కిలోమీటర్ల దిగువన విద్యుత్ కేంద్రం. నీళ్లన్నీ మళ్లీ నదిలోనే కలుస్తాయన్నారు. నిజమే, కలుస్తాయి. మరి ఆ రెంటి నడుమ? వేసవిలో ఆ నదిలో నేను చెప్పులతో నడిచాను. రాళ్ల మీద నాచు ఎండి పెళ్లలుగా లేస్తోంది. ఒక బండ పక్కన మోకాలి లోతు మడుగు. చేయి పెడితే వెచ్చగా తగిలింది. వేలెడంత చేపలు పదో పన్నెండో పైకి తేలి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. వాటి గొంతు కింద రాతిని అంటిపెట్టుకునే మెత్తటి బిళ్ల ఉంటుంది, హోరున పారే నీటిలో కొట్టుకుపోకుండా. ఆ నీళ్లే లేవు.

చేపల రకాల సంఖ్య తగ్గలేదని ఆ పథకం నివేదికలో రాశారు. నా కడుపు మండేది ఇక్కడే! ఏ రకాలండీ? పారే నీటి చేపలు పోయి, ఎక్కడైనా బతికే చేపలు చేరినా సంఖ్య అంతే వస్తుంది. ఏడాది సగటు ప్రవాహమూ బాగానే కనిపిస్తుంది. కానీ సగటు చూసి చేప గుడ్లు పెట్టదు. కొత్తనీరు వచ్చిన ఆ కొద్ది రోజుల్లో ఎగువకు ఈది పెడుతుంది. చేపలు అడ్డుకట్ట దాటడానికి మెట్లు కట్టాం అంటారు. సాల్మన్ లాంటి, ఎగిరి దూకే చేపల కోసం రూపొందించిన మెట్లను నేలను అంటి ఈదే చేప ఎక్కలేదు. అసలు మెట్ల దాకా రావడానికే దారి ఎండిపోయింది కదా!

అమెరికాలో క్లామత్ నది మీద కాప్కో-2 అనే చిన్న ఆనకట్ట 1925 నుంచి నీటిని దాదాపు మొత్తం మళ్లించి ఒక లోయను ఎండగట్టింది. నది అడుగున చెట్లు మొలిచాయి. దాన్ని 2023లో, మరో మూడింటిని 2024లో తొలగించారు. ఆ శరదృతువులోనే చినూక్ రకం సాల్మన్లు తొలగించిన ఆ నాలుగు ఆనకట్టల చోట్లూ దాటి ఎగువకు వెళ్లాయి.

మీలో ఇంజనీర్లున్నారు. కట్టవద్దని నేను అనడం లేదు. నదిలోకి వదలాల్సిన కనీస ప్రవాహమని ఏడాది మొత్తానికీ ఒకే అంకె వేయకండి. నెలనెలకూ వేరుగా రాయండి, గుడ్లు పెట్టే నెలల్లో ఎక్కువ వదలండి. కొలిచేది ఆ ఎండిన భాగం మధ్యలో కొలవండి.

ఆ చేపల్ని తువ్వాలులో ఎత్తి అడ్డుకట్ట ఎగువన వదలాలనుకున్నాను. రాళ్ల మీద రెండు గంటల నడక. అంతసేపు బతకవని తెలిసి, అక్కడే కూర్చుండిపోయాను.