కోర్టు కాని కోర్టు, గది లేని జడ్జి

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున్నే పిల్లల క్లాసులు, కాస్ట్‌కో పనులు పక్కన పెట్టి వచ్చారు, సంతోషం. గ్రీన్ కార్డు గురించి మాట్లాడితే హాలు నిండుతుందనీ, కోర్టు భవనాల గురించి అయితే ముందు రెండు వరుసలు నిండినా గొప్పేననీ మన కార్యదర్శి గారు ముందే చెప్పారు. మూడు వరుసలు నిండాయి. గెలిచినట్టే.

మీలో జ్యూరీ సమన్లు, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పడానికి రమ్మని మామూలు జనానికి పంపే పిలుపు, వచ్చినవాళ్లు ఎంతమంది? చాలా చేతులే లేచాయి. నాకు మొదటిసారి వచ్చినప్పటి సంగతితో మొదలుపెడతాను. ఏ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, అన్నది వదిలేద్దాం, ఈ టెక్సాస్ రాష్ట్రంలోనే. పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు. అరవై మందిమి ఉంటాం. కోర్టు హాలు బయట నడవాలో నిలబెట్టారు. ఉన్నవి నాలుగు బెంచీలు. ఒక బెంచీ మీద ఒకావిడ ఒక్కతే కూర్చుని ఉంది, చేతిలో టిష్యూ నలిగి ఉండలా అయిపోయింది. ఎదురు బెంచీ మీద ఐదారుగురు, ఒకే కుటుంబంలా ఉన్నారు. ఆవిడ సాక్షి అనీ, ఎదురుగా ఉన్నది ముద్దాయి తాలూకు మనుషులనీ తర్వాత తెలిసింది. మధ్యలో ఆరడుగుల జాగా. గంటన్నర పైనే ఆవిడ తలెత్తలేదు. ఇంతలో పక్క తలుపు తీసుకుని, బేడీలు వేసిన ముద్దాయిని మా మధ్య నుంచే తీసుకెళ్లారు. అతణ్ణి తీసుకెళ్లడానికి ఆ భవనంలో ఇంకో దారి లేదు. జ్యూరీలో కూర్చోవాల్సినవాళ్లం అందరం చూశాం. బేడీలు చూసిన మనిషి మనసులో సగం తీర్పు అప్పుడే అయిపోతుంది కదా. జడ్జి గారు మమ్మల్నందరినీ లోపలికి పిలిచి, క్షమించమని చెప్పి ఇంటికి పంపేశారు. కేసు వాయిదా. నాకు పోస్టులో 6 డాలర్ల చెక్కు వచ్చింది.

ఆ రోజు ఎవరిని తిట్టుకోవాలో నాకు తెలియలేదు. జడ్జినా, షెరీఫ్‌నా, ఆస్టిన్‌లో కూర్చున్న రాష్ట్ర ప్రభుత్వాన్నా? వాళ్లెవరూ కాదు. ఆ నడవా వెడల్పు, ఆ బెంచీల లెక్క, లేని ఆ రెండో దారి, ఇవన్నీ కమిషనర్స్ కోర్టు చేతిలో ఉన్నవి.

పేరు చూసి మోసపోకండి. కమిషనర్స్ కోర్టు కోర్టు కాదు, కౌంటీని నడిపే బోర్డు. 1876 నాటి టెక్సాస్ రాజ్యాంగం దాన్ని ఇలా పెట్టింది: ప్రీసింక్ట్‌లనే నాలుగు నియోజకవర్గాల నుంచి నలుగురు కమిషనర్లు, కౌంటీ మొత్తం ఓటేసి గెలిపించే కౌంటీ జడ్జి ఒకరు. కౌంటీ జడ్జి అంటే కేసులు వినేవారని అనుకుంటాం. చిన్న కౌంటీల్లో వింటారు కూడా. పెద్ద కౌంటీల్లో ఆయన పని బడ్జెట్, రోడ్లు, తుపాను వస్తే ప్రెస్ మీట్. లా చదివి ఉండాలన్న నియమం కూడా లేదు. మన జిల్లా పరిషత్ చైర్మన్‌కి జడ్జి అని పేరు పెట్టినట్టు. ఇలాంటి కౌంటీలు రాష్ట్రంలో 254.

ఇక అసలు జడ్జిలు. హత్య కేసులు, విడాకులు, పెద్ద సివిల్ దావాలు వినే డిస్ట్రిక్ట్ కోర్టు రాష్ట్రానిది. కొత్త కోర్టు కావాలంటే లెజిస్లేచర్ చట్టం చేయాలి. అది రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. జడ్జి అసలు జీతం రాష్ట్రానిది. మరి ఆ జడ్జి కూర్చునే గది, గుమస్తాలు, కరెంటు బిల్లు, లిఫ్టు రిపేరు? అవి కౌంటీ నెత్తిన. ఆస్టిన్‌లో బిల్లులో ఒక వాక్యం రాస్తే ఇక్కడ కొత్త కోర్టు పుడుతుంది. ఆ వాక్యానికి ఖర్చు లేదు. దాని వెనకాల పన్నెండు మంది జ్యూరీకి పెట్టె, వాళ్లు తలుపు వేసుకుని మాట్లాడుకునే గది, జడ్జి చాంబర్, ముద్దాయిని ఉంచే సెల్లు, ప్రాసిక్యూటర్లకు ఇంకాస్త చోటు, పార్కింగ్ వస్తాయి. వాటికి ఉంది ఖర్చు.

అందుకే మంచి కోర్టు భవనం గీసేవాళ్లు మొదట గీసేది గదులు కాదు, దారులు. మూడు దారులుండాలి. జనానికి ఒకటి, జడ్జికీ జ్యూరీకీ సిబ్బందికీ ఒకటి, కస్టడీలో ఉన్నవాళ్లకు ఒకటి. ఈ మూడూ కోర్టు హాల్లో తప్ప ఇంకెక్కడా కలవకూడదు. పాత భవనాల్లో ఇది కుదరదు. వంద గజాలు ఎక్కువ కట్టి నడవాలు కలిపేసిన భవనం కంటే, చిన్నదైనా మూడు దారులున్న భవనమే నయమని నా అభిప్రాయం. ప్రతి జడ్జికీ సొంత కోర్టు హాలు ఉండి తీరాలనే వాదన కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. ట్రయల్ లేని రోజు చాలా హాళ్లు ఖాళీగా ఉంటాయి, వెళ్లి చూడండి. పంచుకోవచ్చు. కానీ నేను చెప్పిన ఆవిడ కూర్చోవడానికి తలుపున్న గది ఒకటి విడిగా ఉండాలి. దాన్ని ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు.

అయితే హాళ్లన్నీ తప్పనిసరై పంచుకోవాల్సి వస్తే ఏమవుతుందో హ్యూస్టన్ చూపించింది. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు హారిస్ కౌంటీ క్రిమినల్ కోర్టుల భవనం, ఇరవై అంతస్తులది, నీళ్లలో చిక్కుకుంది. బయూ అనే వాగు పక్కనే కట్టారు. 2001లో ఆలిసన్ తుపానుకు ఒకసారి దెబ్బతిన్నదే మళ్లీ దెబ్బతింది. జ్యూరీ వాళ్లు కూర్చునే హాలు భూమి కింద ఉంది, అదీ మునిగింది. క్రిమినల్ జడ్జిలు వేరే భవనాలకు వెళ్లి ఒక్కో హాల్లో ఇద్దరేసి సర్దుకున్నారు. ఈ పూట నీది, ఆ పూట నాది. కేసులు కొండలా పేరుకున్నాయి. ఆ తర్వాత కోవిడ్. 2020లో జ్యూరీని ఎంపిక చేయడానికి మనుషుల్ని ప్రదర్శనలు జరిగే ఎన్ఆర్‌జీ ఎరీనాకు పిలిచారు. బెయిలు కట్టలేక జైల్లో ఉన్నవాడికి ఇవన్నీ వాన, వైరస్, భవనం అని విడివిడిగా ఉండవు. ఇంకో నెల, అంతే.

కౌంటీ డబ్బు ఇస్తుంది కాబట్టి జడ్జిలు కౌంటీ మాట వినాలా? ఇక్కడే తగువు. మన రాష్ట్రంలోనే గాల్వెస్టన్ కౌంటీలో 2014లో కోర్టుల పాలన చూసే ఉద్యోగిని కౌంటీ జడ్జి తీసేశారు. మా మనిషిని నువ్వెలా తీస్తావని జడ్జిలు. ఆమెను ఇంత జీతంతో వెనక్కి తీసుకోమని ఒక డిస్ట్రిక్ట్ జడ్జి ఆర్డరు వేశారు. అది టెక్సాస్ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2017లో తీర్పు: జీతం ఇంత అని జడ్జి ఖరారు చేయకూడదు, అది కమిషనర్ల పని. కమిషనర్లు తమ అధికారాన్ని దుర్వినియోగం చేస్తే మాత్రం, మళ్లీ ఆలోచించండని చెప్పే అధికారం డిస్ట్రిక్ట్ కోర్టుకు ఉంది. అత్తాకోడళ్ల పంచాయతీలో పెద్దమనిషి చెప్పిన తీర్పులా ఉందని నాకనిపించింది. తాళాలు అత్త దగ్గరే, కానీ బియ్యం దాచిపెట్టడానికి వీల్లేదు.

కాలిఫోర్నియా ఈ తగువే వద్దనుకుంది. 2002లో చట్టం చేసి కోర్టు భవనాల బాధ్యతను కౌంటీల నుంచి రాష్ట్రానికి మార్చేసింది. 58 కౌంటీల్లో అయిదు వందల పైచిలుకు భవనాల అప్పగింత 2009 చివరికి పూర్తయింది. అది మేలా అంటే, కొంతవరకు మేలే. కానీ రాష్ట్ర బడ్జెట్ ఎండిపోయినప్పుడు కొత్త కోర్టులూ ఆగాయి. రాష్ట్ర రాజధాని శాక్రమెంటో లాంటి చోటికి వెళ్లి ఫిర్యాదు చేయడం కంటే మన కౌంటీ కేంద్రం మెకిన్నీకి వెళ్లి చేయడం మనకు తేలిక.

మెకిన్నీ అన్నాను కాబట్టి మన కాలిన్ కౌంటీ సంగతి. 2000 జనాభా లెక్కల్లో 4.92 లక్షలు. 2010లో 7.82 లక్షలు. 2020లో 10.64 లక్షలు. ఆ పెరుగుదలలో మనం కూడా ఉన్నాం, ఫ్రిస్కో గుడి పార్కింగ్ చూస్తే తెలుస్తుంది. బ్లూమ్‌డేల్ రోడ్డు మీది కోర్టు భవనం 2007లో తెరిచారు. పాత కోర్టు ఊరి నడిబొడ్డున ఉంది, ఇప్పుడు అందులో నాటకాలు, కచేరీలు నడుస్తున్నాయి. జనం రెట్టింపు అయితే విడాకులు, వీలునామాలు, తాగి బండి నడిపిన కేసులు కూడా పెరుగుతాయి. మనవాళ్లు ఏ కేసూ లేకుండా బతికేస్తారని అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోవడం లేదు.

డబ్బు ఎక్కడిది? మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లులో స్కూలు లైను చూసి టెన్షన్ పడతాం, కౌంటీ లైను చూడం. మన కౌంటీ రేటు ఈమధ్య ఇళ్ల విలువలో వంద డాలర్లకు 15 సెంట్ల అటూ ఇటూగా ఉంటోంది. అందులోనే జైలు, రోడ్లు, కోర్టులు. పైగా 2019 చట్టం ప్రకారం రోజువారీ ఖర్చులకు పన్ను రాబడిని ఏటా 3.5 శాతం కంటే పెంచాలంటే ఓటు పెట్టాలి. కొత్త భవనానికి మామూలుగా బాండ్లు అమ్మి అప్పు తెస్తారు, వాటికి మన ఓటు కావాలి. ఓటు లేకుండా అప్పు చేసే ఇంకో దారి ఉంది, దానికి సర్టిఫికెట్ ఆఫ్ ఆబ్లిగేషన్ అని పేరు. పేపర్లో నోటీసు ఇస్తారు. రిజిస్టర్డ్ ఓటర్లలో 5 శాతం సంతకాలు పెడితే ఎన్నిక పెట్టక తప్పదు. ఆ నోటీసులు ఎవరు చదువుతారు అంటారా? ఇప్పటిదాకా నాకు తెలిసి మన సంఘంలో నేనొక్కణ్ణే.

కమిషనర్లకు కట్టాలంటే భయం, దానికి పాత కథ ఉంది. ఫోర్ట్‌వర్త్‌లో టారంట్ కౌంటీ కోర్టు చూశారుగా, గులాబీ రంగు గ్రానైటుది, మెయిన్ స్ట్రీట్ చివర. దానికి 4,08,840 డాలర్లు అయింది. అనుకున్నదానికంటే తక్కువకే కట్టారు. అయినా జనం దుబారా అనుకున్నారు. 1894 ఎన్నికల్లో కౌంటీ జడ్జితో సహా కమిషనర్లందరినీ ఇంటికి పంపారు. మరుసటి ఏడాది భవనం పూర్తయింది. నూట ముప్పై ఏళ్లుగా నిలబడే ఉంది. దాని ముందు పెళ్లి ఫొటోలు దిగుతున్నారు.

కమిషనర్స్ కోర్టు సమావేశం సోమవారం మధ్యాహ్నం. ఎజెండా ముందే పెడతారు. ఎజెండాలో ఉన్న అంశం మీద ఎవరైనా మాట్లాడొచ్చు, రాష్ట్ర చట్టమే ఆ అవకాశం ఇచ్చింది. నేను వెళ్లిన మొదటిసారి నడవా గురించి మాట్లాడాను. ఒక కమిషనర్ నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు. నా మాటే రాసుకున్నారో, కిరాణా జాబితానో చెప్పలేను.

వచ్చే సోమవారం మళ్లీ వెళ్తున్నాను. లంచ్ ముగించుకుని పన్నెండున్నరకు బయల్దేరతాను, కారులో ఇంకా మూడు సీట్లు ఖాళీ.