మూర లెక్కకు అందని పూలు

శ్రోతలకు నమస్కారం.

శరదృతువు అనగానే చిన్ననాడు పాఠాలలో చదువుకున్న వర్ణనలు మనకు గుర్తుకు వస్తాయి. మబ్బులు తేలిపోయిన ఆకాశం, తేటపడిన చెరువు నీళ్ళు, పిండి ఆరబోసినట్టున్న వెన్నెల, ఏటి ఒడ్డున తెల్లగా విచ్చిన రెల్లుపూలు అందులో ఉంటాయి. ఆ వర్ణనలు అబద్ధమని నేను అనను గాని, అవి తిరుపతిలో కూర్చుని రాసినవి మాత్రం కావు. మనకు అక్టోబరు మూడో వారానికి అటూ ఇటూగా ఈశాన్య రుతుపవనాలు ప్రవేశిస్తాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వార్తలలో విన్న ఒకటి రెండు రోజులకే శేషాచలం కొండలు మబ్బులో దాక్కుంటాయి, కపిలతీర్థంలో జలపాతం ఎగిసి దూకుతుంది, ఇంట్లో ఉతికిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. మన శరత్తు ఎడతెగని వెన్నెల కాదు. రెండు ముసురుల నడుమ దొరికే నాలుగు రోజుల తెరిపి. ఆ తెరిపిలో పెరటి తోటలో మిగిలి ఉండే పూలను గురించి, వాటి చుట్టూ అల్లుకున్న చిన్న చిన్న సుఖాలను గురించి ఈరోజు మీతో మాట్లాడదలిచాను.

మా పెరటిని తోట అని పిలవడానికి కొంచెం సిగ్గుపడవలసిందే. నేల మీద ఒక మల్లెపొద, ఒక పారిజాతం, గోడవారగా చంద్రకాంత మొక్కలు, మిద్దె మీద పాతిక కుండీలు, అంతే. వేసవిలో ఆ ఒక్క మల్లెపొదే రోజుకు రెండు మూరల మాలకు సరిపడా పూస్తుంది. ఎండాకాలంలో మల్లెలను ఎవరూ లెక్కపెట్టరు. వీధిలో పూలమ్మే అక్క మోచేతి నుంచి వేలి కొస దాకా చాచి మూర కొలుస్తుంది, పూలమండీలో అయితే తక్కెడలో పోసి తూస్తారు. ఆశ్వయుజం వచ్చేసరికి ఆ పొద అలసిపోతుంది. ఆకు ముదిరి నల్లబడుతుంది. ఒక సాయంత్రం నాలుగు మొగ్గలు కనిపిస్తాయి, మరునాడు రెండు, ఆ తరువాత మూడు రోజులు ఏమీ ఉండవు, ఇక అయిపోయిందని మనం అనుకున్న రోజున ఆకుల చాటు నుంచి ఒకటి తెల్లగా తొంగిచూస్తుంది. ఇవి మాలకు చాలవు, జడకు చాలవు, దేవుడి పటానికి కూడా చాలవు.

చాలని పూలను ఏం చేయాలో మా అవ్వకు తెలుసు. దీపాలు పెట్టే వేళకు ఆ నాలుగు మొగ్గలనూ కోసి, తాగే నీళ్ళ కుండలో వేసి మూత పెట్టేది. నాలుగు మొగ్గలతో ఏమవుతుందని నేను ఒకసారి నవ్వితే, "నాలుగైతే ఏం నాయనా, కుండకేమన్నా కొప్పుందా, మూరెడు కావాలని అడిగేదానికి?" అన్నది. తెల్లవారి ఆ నీళ్ళు తాగితే గొంతు దిగిన తరువాత గాని వాసన తెలిసేది కాదు. వేసవిలో రెండు మూరల మాల గదిలో ఉన్నప్పుడు మల్లెవాసన మన మీదికి దానంతట అదే వస్తుంది. కార్తీకంలో మాత్రం మనమే దాని దగ్గరికి వెళ్ళాలి. నాకు ఈ రెండో మల్లె మీదనే మక్కువ ఎక్కువ.

పారిజాతం సంగతి వేరు. దానికి ఇది ముగింపు కాలం కాదు, నిండు కాలం. ఎండాకాలంలో ఆ చెట్టును చూసినవారు గరుకాకులు తగిలించిన కట్టెలమోపు అనుకుంటారు. ఆ ఆకును వేళ్ళ మధ్య రుద్దితే గరుకు కాగితం తగిలినట్టే ఉంటుంది. శ్రావణ భాద్రపదాలలో మొదలుపెట్టి కార్తీకం దాకా అది పూస్తూనే ఉంటుంది. పొద్దు వాలిన తరువాత మొగ్గ విచ్చుతుంది, సూర్యుడు రాకముందే పువ్వు రాలిపోతుంది. తెల్లవారుజామున అయిదు గంటలకు, వీధిలో పాలబండి చప్పుడు కూడా ఇంకా మొదలు కాని వేళ, చెట్టు కింద నిలబడితే ఆ రాలడం వినబడుతుంది. అది ఆకు రాలిన చప్పుడు కాదు, వానచుక్క చప్పుడు కాదు. తడి నేల మీద ఎవరో చిటికెనవేలితో ఒకసారి తట్టినట్టు ఉంటుంది. చాలా పూలు బోర్లా పడతాయి. చక్రంలా మెలితిరిగిన తెల్లని రేకులు నేలను అంటుకుని, నారింజ రంగు కాడ మాత్రం పైకి నిలబడి ఉంటుంది. రాత్రి జల్లు పడి ఉంటే ఆ తెలుపు నీరు పీల్చి అద్దంలా మారిపోతుంది, రేకు కింద ఉన్న మట్టి రేణువు కూడా కనిపిస్తుంది. అటువంటి పూలను చేత్తో ఏరబోతే వేలికి అంటుకుని చినిగిపోతాయి. అందుకే రాత్రి పడుకోబోయే ముందు చెట్టు కింద పాత పంచె ఒకటి పరిచి ఉంచడం మా ఇంటి అలవాటు. ఆ పంచె మీద కాడలు నలిగిన చోటల్లా పసుపు ఛాయ గల కాషాయపు మచ్చలు పడ్డాయి. పూర్వం ఈ కాడలను ఉడికించి బట్టలకు రంగు వేసేవారు. ఆ మచ్చలను పోగొట్టాలన్న కోరిక నాకు లేదు.

నేల రాలిన పువ్వు పూజకు పనికిరాదన్న నియమంలో నుంచి మన పెద్దలు పారిజాతాన్ని మినహాయించారు. పొద్దున్నే నిచ్చెన ఎక్కి పూలు కోసే ఓపిక లేని నావంటివారి పట్ల ఇది పెద్ద దయ.

పక్కింటి పాపకు ఆరేళ్ళు. ఈమధ్యనే వంద దాకా లెక్కలు వచ్చాయి. రోజూ బడికి వెళ్ళే ముందు మా గోడ దగ్గరికి వచ్చి పంచె మీది పూలు లెక్కపెట్టడం తన ఉద్యోగమని తనే నిర్ణయించుకుంది. దసరా సెలవుల్లో వంద దాటితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. కార్తీకం సగం అయ్యాక ఒకరోజు, "తాతా, నిన్న నలభై రెండు, ఈరోజు పదహారే. ఎవరైనా దొంగిలించినారా?" అని అడిగింది. చెట్టు నిద్రపోయే కాలం వస్తోందని చెప్పాను. ఆ జవాబు తనకు నచ్చలేదు.

ఇక చామంతి. పూలన్నీ తగ్గుతున్న ఈ రోజుల్లోనే అది మొగ్గ తొడుగుతుంది. పలమనేరు, కుప్పం వైపు పొలాల నుంచి పసుపు, తెలుపు చామంతులు మూటలకొద్దీ మన అంగళ్ళకు దిగుతాయి కనుక ఇంట్లో పెంచవలసిన అవసరం లేదు, అయినా పెంచుతాం. కొన్నేళ్ళ క్రితం ఒకే తల్లిమొక్క నుంచి తీసిన పిలకలను ఆరు కుండీలలో నాటి, మూడింటిని వీధి వైపు పిట్టగోడ మీద, మూడింటిని నీళ్ళ ట్యాంకు వెనుక పెట్టాను. దీపావళి నాటికి ట్యాంకు వెనుక మొక్కలకు బఠాణీ గింజలంత మొగ్గలు వచ్చాయి. పిట్టగోడ మీది మొక్కలు మాత్రం ఆకు మీద ఆకు వేసుకుంటూ మోకాలెత్తు పెరిగాయే గాని ఒక్క మొగ్గా లేదు. ఎరువు చాలలేదని పెంటమట్టి పోశాను, వేపపిండి కలిపాను, చీడ పట్టిందేమోనని ఆకులు తిప్పి చూశాను. చివరికి ఒక రాత్రి మిద్దె మీదికి వెళ్ళినప్పుడు సంగతి తెలిసింది. ఆ పిట్టగోడ మీద వీధిదీపం తెల్లవార్లూ పట్టపగలులా వెలుగుతోంది. చామంతి రాత్రి పొడవును కొలిచే మొక్క. ఎడతెగని చీకటి రోజుకు ఇన్ని గంటలని దాని లెక్కకు సరిపోయినప్పుడే అది ఆకు వేయడం మాని మొగ్గ వేస్తుంది. నా మూడు కుండీల మొక్కలకు కార్తీకం వచ్చిందన్న కబురే చేరలేదు. వాటిని కూడా ట్యాంకు చాటుకు మార్చాను, సంక్రాంతికి పూశాయి. ఇంట్లో చామంతి కుండీలు ఉన్న శ్రోతలు ఈ రాత్రి ఒకసారి వీధిదీపం ఏ వైపు ఉందో చూసుకోవలసిందిగా మనవి.

పూలను లెక్కపెట్టడం గురించి మాట్లాడుతున్నాను గనుక, లెక్కే అక్కరలేని చోటు ఒకటి మన కొండ మీదనే ఉన్నదని చెప్పకపోతే ఈ ప్రసంగం తిరుపతి వారిది అనిపించుకోదు. తిరుమలను వైష్ణవులు పుష్పమండపం అంటారు. అక్కడ పూసిన పువ్వు స్వామిదేనన్న భావనతో కొండ మీద ఎవరూ పూలు పెట్టుకోకపోవడం ఆచారం. రామానుజులవారి మాట మీద కొండకు వచ్చి, చెరువు తవ్వి, పూలతోట వేసిన అనంతాళ్వారుల గునపం ఇప్పటికీ మహాద్వారం దగ్గర వేలాడుతూ కనిపిస్తుంది. అక్కడ కార్తీక మాసంలో, స్వామివారి జన్మనక్షత్రమైన శ్రవణం నాడు, పుష్పయాగం జరుగుతుంది. పదిహేనో శతాబ్దంలో ఈ ఉత్సవం జరిగేదని చెబుతారు; మధ్యలో ఆగిపోయి, 1980లో తిరిగి మొదలైంది. బ్రహ్మోత్సవాలలో తెలిసీ తెలియక జరిగిన లోపాలకు ప్రాయశ్చిత్తంగా దీనిని చేస్తారు. ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటకల నుంచి దాతలు పంపిన టన్నుల కొద్దీ చామంతులు, గులాబీలు, సంపెంగలు, గన్నేరులు, తామరలు, మరువం, దవనం, తులసి బుట్టలలో వస్తాయి. శ్రీదేవి భూదేవులతో కొలువైన మలయప్పస్వామి చుట్టూ ఆ పూలు పోస్తూ పోస్తూ ఉంటే, చివరికి స్వామి ముఖం తప్ప మిగిలినదంతా పూల గుట్టలో మునిగిపోయినట్టు కనిపిస్తుంది. తప్పు జరిగి ఉంటే మన్నించమని అడగడానికి పూలు తప్ప మరో మాట వాడని ఆ పద్ధతి నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. దాన్ని చూసి ఇంటికి వచ్చిన సాయంత్రం మల్లెపొదలో రెండు మొగ్గలు కనిపిస్తే, ఆ రెండూ తక్కువ అని మాత్రం ఎన్నడూ అనిపించలేదు.

ఈ కాలపు సుఖాలు పూలతోనే ఆగవు. మన వైపు చెనిక్కాయలు నేలలో నుంచి పెరికే రోజులు ఇవే. మట్టి వాసన ఇంకా వదలని పచ్చి కాయలను కడిగి, రాతి ఉప్పు వేసి ఉడకబెడితే, లేత కాయను పళ్ళ కింద నొక్కగానే గింజ కంటే ముందు ఉప్పటి వేడి నీళ్ళు నోట్లోకి చిమ్ముతాయి. బయట ముసురు, ఒడిలో చెనిక్కాయల గిన్నె, పక్కన పొట్టు వేయడానికి పాత పేపరు ఉంటే, ఆ గంట సేపు పలకరించడానికి వచ్చినవారు కూడా మాట్లాడరు. సీతాఫలాల కాలం కూడా ఇదే. కొండవాలు చెట్ల నుంచి కోసిన కాయలను గంపలలో తెచ్చి రోడ్డువారగా కూర్చుంటారు. బేరమాడేవారు పరిమాణం చూస్తారు, తెలిసినవారు కన్ను చూస్తారు. గరుకు బుడిపెల మధ్య గీతలు విచ్చి లేత పసుపు తిరిగితే కన్ను విచ్చిందని అర్థం. అటువంటి కాయను బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజులలో పండుతుంది. కన్ను విచ్చని కాయ ఎన్ని రోజులు దాచినా నల్లబడి గట్టిపడుతుందే గాని తియ్యబడదు. ఉసిరి చెట్టు కింద భోజనాలు, ఉసిరికాయ మీద వత్తి వెలిగించడం అందరూ ఎరిగినవే కనుక వాటి గురించి వివరించను.

గింజలు దాచుకోవడం మాత్రం చెప్పవలసిన పని. దసరాకు పూసిన బంతి వానకు తడిసి, తల బరువై వాలిపోతుంది. ఆ తల పూర్తిగా తడిసి కుళ్ళకముందే, తెరిపి వచ్చిన రోజున, తొడిమ గోధుమరంగుకు తిరిగిన పువ్వులను కోసి నీడలో ఆరబెట్టాలి. ఆరిన తొడిమను చీలిస్తే లోపల సూదుల కట్టలా నల్లని గింజలు, ఒక్కొక్క దాని కొసకు గడ్డి రంగు కుచ్చు ఉంటాయి. శంఖుపూల కాయ, చిట్టి చిక్కుడులా ఎండి, వేలు తగలగానే మెలితిరిగి పగులుతుంది. చంద్రకాంత గింజ అచ్చం మిరియపు గింజ. నేను వీటిని కాగితపు పొట్లాలు కట్టి, పేర్లు రాసి, ఒక రేకు డబ్బాలో వేస్తాను. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలు శ్రోతలకు గుర్తుండే ఉంటాయి. ఆ రాత్రి మా పెరట్లో నీళ్ళు మోకాటి దాకా వచ్చాయి, కింది అరలో ఉన్న నా రేకు డబ్బా తేలిపోయి మూత ఊడింది, పొట్లాలన్నీ ముద్దయ్యాయి. ఆ ఏడు గింజలు లేవనే అనుకున్నాను. మరుసటి ఏడు వానలకు, మా వీధి చివర కాలువ గట్టున, ఎవరూ నాటని చోట, మా ఇంటి గులాబీ రంగు చంద్రకాంత గుబురుగా లేచి, సాయంత్రం నాలుగు దాటగానే పూయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ గుబురు అందరిదీ అయింది; నడకకు వెళ్ళివస్తూ అక్కడి నుంచే నాలుగు గింజలు జేబులో వేసుకువస్తాను.

మళ్ళీ మల్లె దగ్గరికే వస్తాను. వేసవిలో అది బాగా పూయాలంటే నవంబరు చివరలో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలను మోకాలెత్తుకు కత్తిరించాలి. ఆ కత్తిరింపు ఎంత ఆలస్యమైతే ఫాల్గుణంలో చిగురు అంత వెనుకబడుతుంది. ఇది తెలిసి కూడా ప్రతి ఏడూ నాకు ఒకటి రెండు వారాలు ఆలస్యం అవుతూనే ఉంటుంది. నిన్న సాయంత్రం కత్తెరకు నూనె రాసి పెరట్లోకి వెళ్ళాను. దక్షిణం వైపు కొమ్మకు, ఆకుల అడుగున, మూడు మొగ్గలు కనిపించాయి. కత్తెరను గూట్లో పెట్టేసి, లోపలికి వచ్చి కుండలో నీళ్ళు మార్చాను.

సెలవు.