టెక్సాస్‌లో పొలం కొన్నారా? పన్ను సంగతి మాట్లాడుకుందాం

హోస్ట్: అందరికీ నమస్కారం. డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్ దాటి మనవాళ్లు పొలాలు కొనడం ఈమధ్య బాగా పెరిగింది. ఒక్కరే ఐదెకరాలు కొనేవాళ్లున్నారు, నలుగురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ అనే ఉమ్మడి కంపెనీ పెట్టి ఇరవై ఎకరాలు తీసుకునేవాళ్లూ ఉన్నారు. కొన్నాక మొదలయ్యేది ఆస్తిపన్ను టెన్షన్. అన్నా, మీరు చాలాకాలంగా ఇక్కడ పొలం చూసుకుంటున్నారు, తెలిసినవాళ్ల కాగితాలూ చూసిపెడుతుంటారు. మొదట్నుంచి చెప్పండి.

అతిథి: ముందు ఒక్క కాగితం గురించి చెప్తానమ్మా. సాధారణంగా ఏప్రిల్, మే ప్రాంతంలో అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి, అంటే పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే స్థానిక ఆఫీసు నుంచి నోటీసు వస్తుంది. సాగు భూమికి పన్ను తగ్గించే వ్యవసాయ రాయితీ ఉన్న పొలానికైతే అందులో రెండు విలువలుంటాయి. ఒకటి మార్కెట్ ధర. రెండోది ఆ నేల నుంచి వచ్చే రాబడిని బట్టి కట్టిన విలువ, ఆ ప్రాంతంలో అలాంటి నేలకు ఐదేళ్ల సగటు నికర రాబడి తీసుకుని లెక్కేస్తారు. పన్ను ఈ రెండోదాని మీద పడుతుంది.

హోస్ట్: తేడా ఎంతుంటుంది?

అతిథి: ఉదాహరణకు పదెకరాల మార్కెట్ ధర 3 లక్షల డాలర్లు అనుకో. అన్నీ కలిపి పన్ను రేటు 2 శాతం అనుకుంటే ఏడాదికి 6,000. అదే రాబడి లెక్కన ఎకరానికి 150 డాలర్లు కట్టారనుకో, పదెకరాలకు 1,500. దాని మీద పన్ను 30 డాలర్లు.

హోస్ట్: ముప్పై డాలర్లా!

అతిథి: అవును. ఇక్కడ రాష్ట్రానికి ఆదాయపు పన్ను లేదు. బడులు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) చాలావరకు ఆస్తిపన్ను మీదే నడుస్తాయి, అందుకే రేట్లు ఎక్కువ. ఊరు పెరిగి పక్కన ఇళ్లు లేస్తే పొలం ధర ఆకాశానికి పోతుంది, గడ్డి మీద వచ్చే డబ్బు మాత్రం పెరగదు. పన్ను కట్టలేక రైతు భూమి అమ్ముకోకూడదనే 1966లో రాష్ట్ర రాజ్యాంగంలో మొదటిసారి ఈ ఏర్పాటు తెచ్చారు. అప్పట్లో వ్యవసాయమే ప్రధాన వృత్తి అయినవాళ్లకే ఇచ్చేవారు. 1978లో 1-డి-1 అనే సవరణ వచ్చాక యజమాని ప్రధాన వృత్తి ఏదైనా సరే, నేల మాత్రం సాగులో ఉండాలన్నారు. మనలాంటి ఉద్యోగస్తులకు వర్తించేది ఇదే. తూర్పు టెక్సాస్‌లో పైన్ అడవులున్నవాళ్లకు కలప లెక్కన ఇలాంటిదే వేరేగా ఉంది.

హోస్ట్: అయితే కొని ఊరికే ఉంచుకుంటే రాయితీ వస్తుందా?

అతిథి: అక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. అమ్మినాయనకు ఉన్న రాయితీ దానంతటదే నీ పేరు మీదికి రాదు. కొన్నవాళ్లు 50-129 ఫారం నింపి ఏప్రిల్ 30 లోపు మళ్లీ పెట్టుకోవాలి. ఆలస్యమైతే ఆ ఏడాది రికార్డులు ఖరారయ్యేలోపు ఇవ్వొచ్చు గానీ, ఆదా అయిన పన్నులో 10 శాతం జరిమానా. నేలకు చరిత్ర కూడా కావాలి, గత ఏడేళ్లలో ఐదేళ్లు సాగులో ఉండాలి. అందుకే చరిత్ర లేని భూమి కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించమంటాను.

హోస్ట్: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ సాగు ఎలా అన్నా?

అతిథి: కౌలుకివ్వు. గడ్డి కోసేవాళ్లుంటారు. బెర్ముడా గడ్డి పెంచి, కోసి, ఎండబెట్టి, మిషన్‌తో గుండ్రటి బేళ్లు కట్టి తీసుకుపోతారు. గడ్డి ఏపుగా ఉంది కదా అని మోవర్ తిప్పితే చాలనుకుంటారు కొందరు. అది సాగు కిందికి రాదు, బేళ్లు కట్టాలి. కౌలు కాగితం రాసుకో, బేళ్లు కంచె పక్కన ఉన్నప్పుడే తేదీతో ఫొటోలు తీసి పెట్టుకో. డిస్ట్రిక్ట్ వాళ్లు అడుగుతారు, వచ్చి చూస్తారు కూడా.

హోస్ట్: తేనెటీగలు కూడా పెంచొచ్చంటారు?

అతిథి: 5 నుంచి 20 ఎకరాల్లోపు భూమికి చట్టం ఒప్పుకుంటుంది. చాలా కౌంటీలు మొదటి ఐదెకరాలకు ఆరు పెట్టెలు అడుగుతాయి. పెట్టెలు తెచ్చి పెట్టి అద్దె తీసుకునేవాళ్లూ ఉన్నారు. కానీ నా మాటగా చెప్తున్నా, పేరుకి రెండు మేకలను కట్టేసి రాయితీ అడగొద్దు. ఇది నిజంగా నేలను నమ్ముకున్నవాళ్ల కోసం ఉన్నది. అందరూ ఇలా నటిస్తే రేపు అసలు రైతుకే రూల్స్ బిగుస్తాయి. పశువులు, గడ్డి మన వల్ల కాదనుకుంటే 1995 నుంచి వన్యప్రాణులను పోషించి రాయితీ నిలబెట్టుకునే దారి ఉంది. ముందే రాయితీలో ఉన్న భూమికే అది. నీళ్లు, మేత, గూళ్లు, నేల కోత ఆపడం లాంటి ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి. పిట్టలు, జింకలంటే ఇష్టమున్నవాళ్లకు చాలా మంచిది.

హోస్ట్: రోల్‌బ్యాక్ గురించి, అంటే పాత ఏళ్ల పన్ను వెనక్కి వసూలు చేయడం గురించి భయపెడుతుంటారు. అది మన తెలంగాణలో నాలా కన్వర్షన్ లాంటిదేనా?

అతిథి: దగ్గరగా ఉంటుంది గానీ ఒకటి కాదు. నాలాకైతే ఫీజు కట్టి భూమి మార్పిడికి అనుమతి తెచ్చుకుంటాం. ఇక్కడ వాడకం మారాక గడిచిన మూడేళ్లకు బిల్లు వేస్తారు, ఆ మూడేళ్లు మార్కెట్ ధర మీద కట్టాల్సిన దానికీ నువ్వు కట్టినదానికీ తేడా ఎంతో అంత. ఇందాకటి లెక్కలో అది దాదాపు 18 వేల డాలర్లు. 2019కి ముందు ఐదేళ్లకు వేసేవారు, వడ్డీ కూడా ఉండేది. 2021లో ఆ వడ్డీ తీసేశారు.

హోస్ట్: భూమి అమ్మినా వేస్తారా?

అతిథి: అమ్మినందుకు వేయరు. సాగు మానేసి ఖాళీగా వదిలేస్తే రాయితీ పోతుంది, అంతే. ప్లాట్లు వేసి అమ్మకానికి ఇళ్లు కడితే, అప్పుడు వస్తుంది, అదీ వాడకం మారిన ముక్కకే. అలా ఒక ఎకరం మారితే ఆ ఎకరానికే. ఇక్కడి మామూలు అగ్రిమెంట్ ప్రకారం కొన్నాక వాడకం మారిస్తే ఆ భారం కొన్నవాళ్లదే, బకాయి భూమి మీదే ఉంటుంది. ఎల్‌ఎల్‌సీలో ఉన్న నలుగురూ సంతకాలు పెట్టేముందే మాట్లాడుకోండి, ఇంకో ఐదేళ్లలో ఇక్కడ ఏం చేద్దామనుకుంటున్నాం, ఆ బిల్లు వస్తే ఎవరెంత పెట్టుకోవాలి అని.

హోస్ట్: ఈ వారాంతం ఒకరు భూమి చూడ్డానికి వెళ్తున్నారనుకోండి, ముందుగా ఏం చేయాలి?

అతిథి: కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఆ భూమి పాత ఏళ్ల రికార్డులు తీసి, ఏయే సంవత్సరాల్లో రాయితీ ఉందో చూసుకోమను. ఆ తర్వాత ఆఫీసుకు ఫోన్ చేసి, ఎకరానికి ఎన్ని పశువులు కావాలి, గడ్డి ఎన్ని కోతలు కోయాలి అని అడగమను. ఒక్కో కౌంటీకి ఒక్కో లెక్క ఉంటుంది, అడిగితే రాతపూర్వకంగానే ఇస్తారు.