ఎయిర్‌పోర్టులో గాలి వేరు, ఫియోర్డులో గాలి వేరు

అందరికీ నమస్కారం.

ఈ రోజు మనం మాట్లాడుకోబోయే ఊరు కాంగిక్టుగాపిక్. మ్యాపుల్లో క్లైడ్ రివర్ అని ఉంటుంది. కెనడాలోని నునావుట్‌లో, బాఫిన్ ద్వీపం తూర్పు తీరంలో, 70 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉంది. జనాభా వెయ్యి పైచిలుకు, దాదాపు అందరూ ఆర్కిటిక్ మూలవాసులైన ఇనుయిట్లే. అక్కడి నుంచి మరో ఊరికి రోడ్డు లేదు. ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టిన సముద్రమే వాళ్లకు రోడ్డు. సీల్ వేటకైనా, చేపలకైనా, దూరంగా ఉన్న కేబిన్‌కైనా స్నోమొబైల్ వెనక కాముటిక్ అనే స్లెడ్జి బండి కట్టుకుని బయలుదేరుతారు.

దారిలో గాలి లేచిందనుకోండి. మైనస్ 30 డిగ్రీల చలికి గంటకు 30 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తెలిసే చలి దాదాపు మైనస్ 46. ముఖం కప్పుకోకపోతే పది నిమిషాల్లోపే చర్మం గడ్డకట్టుకుపోవచ్చు. ఒట్టి చలైతే ఫర్వాలేదు, దానికి తగ్గ బట్టలు వాళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. అసలు టెన్షన్ గాలితోనే. లేచిన మంచుపొడిలో పది అడుగుల అవతల ఏముందో కనబడదు. ఒడ్డు వైపు నుంచి గట్టిగా వీస్తే అంచున ఉన్న మంచుపలక విరిగి, పైనున్న మనుషులతో సహా సముద్రంలోకి కొట్టుకుపోవచ్చు.

మరి వాతావరణ శాఖ లేదా అంటే, ఉంది. ఎయిర్‌పోర్టులో స్టేషన్ కూడా ఉంది. విమానం దిగడానికి ఆ లెక్కలు సరిపోతాయి. వేటగాడికి పనేమో ఎక్కడో ఫియోర్డులో. ఆ తీరం పొడుగునా సముద్రం కొండల మధ్యకు చొచ్చుకుపోయి ఉంటుంది, ఆ సందునే ఫియోర్డు అంటారు. ఇరుపక్కలా నిటారు గోడల్లాంటి కొండలు. ఆ సందులో పడ్డ గాలికి దిశ మారిపోతుంది, వేగం పెరిగిపోతుంది. ఊళ్లో జెండా కదలని రోజున కూడా ఫియోర్డు మొగలో మనిషి నిలబడలేని గాలి ఉండొచ్చు.

గాలి తీరు మారిపోయిందని ఆ ఊరి పెద్దలు చాలాకాలంగా చెబుతున్నారు. నిలకడ తగ్గిందనీ, ఉన్నట్టుండి దిశ మార్చుకుంటోందనీ వాళ్ల మాట. ఆ ఊళ్లోనే కాపురముండి పనిచేసిన భూగోళ పరిశోధకురాలు షారీ గియర్‌హార్డ్, ఆమె సహచరులు ఆ మాటల్ని స్టేషన్ రికార్డులతో పోల్చి చూసి 2010లో ప్రచురించారు. రెండూ అన్నిచోట్లా కలవలేదు. మామూలుగా ఇలాంటప్పుడు పెద్దవాళ్ల చాదస్తం అని కొట్టిపారేయడం మనకు అలవాటు. కానీ పెద్దలు గాలిని చూసింది ఎక్కడ, మిషన్ చూసింది ఎక్కడ అని అడగాలి కదా. ఎయిర్‌పోర్టులో పెట్టిన మిషన్‌కి ఎయిర్‌పోర్టు సంగతే తెలుస్తుంది. వేటగాడు చూసిన గాలి అక్కడ నమోదు కాకపోతే ఆ తప్పు అతనిది కాదు.

సిలాలిరిజీత్ అనే ప్రాజెక్టులో ఊరి పెద్దలు, వేటగాళ్లు, వాతావరణ శాస్త్రవేత్తలు కలిసి కూర్చున్నారు. దాని ఫలితంగా ఊరికి దూరంగా, జనం తిరిగే దారుల్లో వెదర్ స్టేషన్లు లేచాయి. ఉష్ణోగ్రత, గాలి వేగం, దిశ, తేమ లాంటివి అక్కడి నుంచి ఊరికి చేరతాయి. బయలుదేరే ముందు ఎవరైనా చూసుకోవచ్చు. అప్పటికే దారిలో ఉన్నవాళ్లకు ఇంట్లోవాళ్లు రేడియోలో చెప్పవచ్చు. నా దృష్టిలో ఇందులో గొప్ప టెక్నాలజీ ఏమీ లేదు, అవే సెన్సర్లు, అవే బ్యాటరీలు. స్తంభం ఎక్కడ పాతాలో ఆ దారిలో తిరిగే మనిషిని అడగడమే అసలు సంగతి.

నడపడం మాత్రం తేలిక కాదు. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. సోలార్ పలక అలంకారంగా మిగిలిపోతుంది, బ్యాటరీలే ఈదుకు రావాలి, వాటికేమో చలి పడదు. ఇంకో చిక్కుంది. గాలి వేగం కొలిచే గిన్నెల మీద మంచు పేరుకుంటే అవి తిరగడం ఆగిపోతాయి. అప్పుడు రీడింగ్ సున్నా అని వస్తుంది. గాలి లేకపోయినా సున్నాయే, గిన్నెలు బిగుసుకుపోయినా సున్నాయే. ఆ అంకెను నమ్మి బయలుదేరినవాడి గతేమిటి? అందుకే తెలిసినవాళ్లు ఆ ఒక్క అంకెతో ఊరుకోరు. పక్క స్టేషన్ ఏమంటోంది, కొండ మీద మబ్బు ఎలా ఉంది, మంచు దిబ్బలు ఎటు వాలి ఉన్నాయి అన్నీ చూస్తారు. అంతా చూశాక, ఇవాళ వద్దులే అనుకుంటే స్నోమొబైల్ ఆపేసి టీ పెట్టుకుంటారు. యువకులు ఈ స్టేషన్ల మీదే ఆధారపడి ఆకాశం చూడటం మానేస్తారేమో అన్న భయం ఎవరికైనా కలగొచ్చు. అది తీసిపారేయాల్సిన భయం కాదు. మంచు మీద వెలుగునీడల తేడా ఎలా ఉందో, నేల ఎత్తుపల్లాలు కంటికి ఆనుతున్నాయో లేదో ఏ సెన్సరూ చెప్పదు. ప్రయాణంలో ప్రాణం మీదికి వచ్చేది ఒక్కోసారి అక్కడే.

కెనడాలోనే లాబ్రడార్ తీరంలోని నెయిన్ అనే ఊళ్లో మొదలైన స్మార్ట్‌ఐస్ అనే కార్యక్రమం కూడా ఇదే దారిలో నడిచింది. అక్కడ కొలిచేది మంచు మందం. స్లెడ్జికి కట్టి లాగే పరికరంతో స్థానికులే తిరిగి, ఎక్కడ పలచబడిందో మ్యాపు తయారుచేస్తారు.

చివరిగా డబ్బు మాట. ఎయిర్‌పోర్టు స్టేషన్ కనీస సదుపాయం, దాని ఖర్చు గురించి ఎవరూ అడగరు. వేటగాళ్ల దారిలో ఉన్నది మాత్రం ప్రాజెక్టు. ప్రాజెక్టంటే గడువుంటుంది, గ్రాంటు అయిపోతుంది. తుఫానుకు ఒరిగిన స్తంభాన్ని నిలబెట్టడానికి స్నోమొబైల్ మీద వెళ్లే మనిషికి జీతం, పెట్రోలు ఏటేటా కావాలి. ఈ తేడా ఎందుకుండాలో నాకైతే అర్థం కాదు. మీలో ప్రభుత్వ పథకాల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు కదా, ముందు మీ నుంచే వింటాను.