సానరాయి రివ్యూ: రాయి బంగారం, ఆ క్లిప్ మాత్రం తీసి పక్కన పెట్టండి

అందరికీ నమస్కారం. ముందుగా చెప్పాల్సింది చెప్పేస్తాను. ఈ సానరాయి కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందే చూపించమని కూడా అడగలేదు. ఒక వైపు 1000 గ్రిట్, రెండో వైపు 6000 (గ్రిట్ అంటే రాయి గరుకు లెక్క, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు), కింద చెక్క స్టాండు, దాంతోపాటు ఒక ప్లాస్టిక్ యాంగిల్ క్లిప్. సైజు, బరువు, ధర మీరు ఇప్పటికే చూసే ఉంటారు, వాటి జోలికి పోను. నెలన్నరగా మా ఇంట్లో, అక్కావాళ్లింట్లో, పక్కింటి ఆంటీ వంటింట్లో కలిపి పదిహేను కత్తుల దాకా దీని మీద నూరాను. అదే చెప్తాను.

డబ్బా మీద బొమ్మ చూడండి. వంటింటి కత్తి పక్కనే ఒక బాణం మొన ఉంది, మూడు రెక్కలది. బయటి దేశాల్లో విల్లుతో వేటాడేవాళ్లు దానికి ఇలాంటి రాళ్ల మీద పదును పెడతారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి మనకు దాంతో పని లేదు. కానీ ఆ మొనను నూరే పద్ధతి నాకు చాలా నచ్చింది. రాయి మీద పడుకోబెడితే రెండు రెక్కల అంచులు ఒకేసారి రాయికి ఆనుకుంటాయి. ఇక రాయికి ఎంత కోణంలో వాల్చి పట్టాలి అని ఆలోచించే పనే లేదు, ఆకారమే చూసుకుంటుంది. నాలుగు సార్లు లాగడం, తిప్పడం, తర్వాతి జత ఆనించడం, అంతే.

మన వంటింటి కత్తికి ఆ అదృష్టం లేదు. దాని కోణం మొత్తం మన మణికట్టులోనే ఉంటుంది. అందుకే ఈ క్లిప్ ఇచ్చారు. కత్తి వెన్నుకు తగిలించి నూరితే కోణం అదే కుదురుతుందని వాళ్ల మాట. నాకు ఈ వీడియోలో కోపం వచ్చే విషయం ఇదొక్కటే, అందుకని కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఏమీ అనుకోకండి.

స్కేలు పెట్టి చూపిస్తాను. ఈ పెద్ద కత్తి వెడల్పు 45 మిల్లీమీటర్లు. 15 డిగ్రీల కోణం కావాలంటే వెన్ను రాయి నుంచి సుమారు 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. క్లిప్ అంతే ఎత్తు పెడుతుంది, బాగానే ఉంది. ఇప్పుడు అదే క్లిప్‌ను ఈ చిన్న కత్తికి తగిలిస్తున్నాను, అమ్మ పచ్చిమిరపకాయలు తరిగేది. దీని వెడల్పు 25. ఎత్తు మారలేదు, కత్తి వెడల్పు మాత్రం తగ్గింది. కోణం ఎంతైందో తెలుసా? దాదాపు 28 డిగ్రీలు! ఎముకలు కొట్టే కత్తికి పెట్టాల్సిన అంచు మిరపకాయల కత్తికి పెట్టినట్టైంది. ఈ ముక్క డబ్బా మీద గానీ, లోపలి కాగితంలో గానీ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లే క్లిప్‌ను నమ్ముతారు, నష్టపోయేదీ వాళ్లే.

ఇంకొకటి. మొన దాకా నూరుదామని కత్తిని జరుపుతుంటే క్లిప్ రాయి మీద నుంచి జారి పక్కకు పడిపోతుంది. ఆ టక్‌మనే చప్పుడు విన్నారా? ఆ ఒక్క చోట అంచు మళ్లీ మొద్దుబారుతుంది. పైగా నూరినప్పుడు వచ్చే నల్లటి బురద క్లిప్ లోపలికి చేరి కత్తి చెంపల మీద గీతలు పెడుతుంది. అక్కావాళ్ల కొత్త కత్తి మీద పడ్డ గీతలు ఇవిగో. తనకు ఇంకా చెప్పలేదు, ఈ వీడియోలోనే చూస్తుంది. సారీ అక్కా.

క్లిప్ బదులు ఏం చేయాలి? ఒక మార్కర్ పెన్ను తీసుకోండి. అంచు పొడవునా రంగు పూయండి. రాయి మీద రెండు సార్లు లాగి చూడండి. రంగు అంచు కొస దగ్గర మిగిలిపోతే వెన్ను మరీ కిందికి ఉన్నట్టు, కొసన పోయి పైన మిగిలితే మరీ ఎత్తారన్నట్టు. రంగంతా సమంగా పోయిందంటే మీ చేతికి కోణం దొరికింది. నాలుగైదు రోజుల్లో మణికట్టుకే అలవాటైపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కెమెరా దగ్గరకు తెస్తున్నాను. ఒక వైపు నూరుతూ పోతే, అంచుకు అవతలి వైపు సన్నటి ఇనుప పొర లేస్తుంది. వర్క్‌షాపుల్లో దాన్ని బర్ అంటారు. కంటికి సరిగా కనబడదు, బొటనవేలికి తెలుస్తుంది. వేలిని అంచు వెంట నడపకండి, తెగుతుంది. వెన్ను వైపు నుంచి అంచు మీదుగా బయటికి ఇలా జార్చండి. గోరు చివర గరుకు తగిలినట్టు ఏదో పట్టుకుంటుంది చూడండి, అదే. పిడి దగ్గర నుంచి మొన దాకా అంతటా తగలాలి. ఒక్క అంగుళం మేర తగలకపోయినా అక్కడ అంచు ఇంకా తయారు కాలేదన్నమాట. ఎన్ని సార్లు లాగాలి అని అందరూ అడుగుతుంటారు. లెక్క లేదు. బర్ లేచేదాకా. అప్పుడు తిప్పి రెండో వైపు.

ఆ బర్ అలాగే వదిలేస్తే కత్తి మొదటిరోజు బ్రహ్మాండంగా తెగుతుంది, రెండో రోజుకు ఆ పొర మడతపడి మొద్దుగా అనిపిస్తుంది. చాలామంది పదును నిలవడం లేదని బాధపడేది ఇందుకే. చివర్లో బరువు వేయకుండా, కత్తి బరువు మాత్రమే పడేలా ఇటు ఒకసారి, అటు ఒకసారి మార్చి మార్చి లాగండి. పాత తోలు బెల్టు ఉంటే దాని మీద వెన్ను ముందు, అంచు వెనక ఉండేలా లాగుతూ పది సార్లు రాయండి. మంగలి షాపులో ఇదివరకు కత్తిని పట్టీ మీద రాసేవాళ్లే, అచ్చం అలాగే.

ఈ రాయి నాకు నచ్చింది సరిగ్గా ఇక్కడే. 1000 వైపు మీద కత్తి లాగుతుంటే చేతికి మాట్లాడుతుంది. కోణం కుదిరితే ఒక చప్పుడు, తప్పితే ఇంకొకటి. బర్ కూడా త్వరగా లేస్తుంది. పది నిమిషాలు నీళ్లలో నానబెట్టండి, బుడగలు ఆగాక తీయండి. వాడాక నీడలోనే ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. మన మే నెల ఎండ సంగతి మీకు చెప్పాలా?

దీనికి ముందు వాడినవి రెండు చెప్తాను. మొదటిది, కత్తిని మధ్యలో పెట్టి లాగే షార్పెనర్. ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. లోపల అడ్డంగా పెట్టిన, కత్తి కన్నా గట్టివైన రెండు కార్బైడ్ బ్లేడ్లు అంచును గీకేస్తాయి. నా పాత కత్తి అంచు ఒక్క ఏడాదిలో అలలు అలలుగా తయారైంది. రెండోది, మూడేళ్ల క్రితం బక్రీద్ ముందు. ఆ రోజుల్లో పాతబస్తీలో సాన పట్టేవాళ్ల దగ్గర ఎంత రద్దీ ఉంటుందో తెలిసిందే. తొందరలో నేను ఇంకెక్కడో కరెంటు గ్రైండర్ ఉన్నచోట ఇచ్చాను. నిప్పురవ్వలు భలే వచ్చాయి. ఇంటికి తెచ్చి చూస్తే మొన దగ్గర అంచు నీలంగా మారిపోయింది. ఇనుము అలా నీలం తిరిగిందంటే వేడికి దాని గట్టిదనం పోయినట్టే, ఆ భాగం మొత్తం అరిగేదాకా పదును నిలవదు. అది మా నాన్న కొన్న కత్తి. ఇప్పటికీ బాధగానే ఉంది. మా వీధికి సైకిల్ మీద వచ్చే పెద్దాయన మాత్రం కాలితో తొక్కుతూ, మాటిమాటికీ నీళ్లలో ముంచి తీసేవాడు. వేడెక్కనివ్వకపోవడమే ఆయన పనితనం.

6000 వైపు గురించి ఎక్కువ చెప్పను. అద్దంలా మెరుస్తుంది, వీడియోకు బాగుంటుంది. కానీ టమాటా మీద పెట్టి చూడండి. 6000 దాకా వెళ్లిన కత్తి కొన్నిసార్లు తొక్క మీద జారుతోంది, 1000తో ఆపి తోలు మీద రాసిన కత్తి పెట్టగానే దిగిపోతోంది. కంటికి కనబడని సన్నటి పళ్లు ఆ అంచుకు ఉంటాయి, తొక్కను పట్టేది అవే. ఉల్లిపాయకు కూడా 1000 చాలు. పదునైన కత్తి పొరలను నలపకుండా కోస్తుంది కాబట్టి ఘాటు తక్కువ లేస్తుంది, కళ్లు అంతగా మండవు. పక్కింటి ఆంటీ రెండు కిలోలు తరిగి మరీ ఒప్పుకున్నారు.

అమ్మ కత్తిపీట కూడా దీని మీదే నూరమంది. కుదరలేదు. దాని బ్లేడు వంపు, పైగా పీటకు బిగించి ఉంటుంది. కత్తిని రాయి దగ్గరకు తేలేం, రాయినే కత్తి దగ్గరకు తీసుకెళ్లాలి. ఇంత పెద్ద రాయి చేతిలో ఆగదు. దానికి చిన్న రాయి విడిగా కొనుక్కోండి. ఆవకాయ ముక్కలు మాత్రం ఎప్పటిలాగే సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో కొట్టించుకుందాం, టెంక తెగాలంటే ఆ కత్తి వేరు, ఆ చెయ్యి వేరు.

కొనాలా వద్దా? కొనండి. నేనైతే ఇది పాడైతే మళ్లీ డబ్బులు పెట్టి ఇదే కొంటాను. కంపెనీ వాళ్లకు మెయిల్ పెట్టాను, ఆ క్లిప్ తీసేసి దాని బదులు రెండు అంగుళాల వెడల్పు తోలు ముక్క ఇవ్వమని. జవాబు వస్తే కింద పిన్ చేస్తాను. ఇక ఆ మిరపకాయల కత్తికి క్లిప్ పెట్టిన అంచు పోగొట్టాలి, మార్కర్ తెచ్చుకుని కూర్చుంటున్నాను. ఉంటాను మరి.