గొంతు క్యాన్సర్‌కు లేజర్ ఆపరేషన్: కోత నిజంగానే ఉండదా?

నమస్కారం. “కోత లేదు, కుట్లు లేవు, లేజర్‌తో గొంతు క్యాన్సర్ మాయం” అని ఫోన్ తెరిస్తే చాలు ప్రకటనలు. కుట్లు లేవన్నది నిజమే. కోత లేదన్నది మాత్రం సగం అబద్ధం. కోత ఉంటుంది. మెడ మీద కాదు, లోపల మాట పలికించే స్వరతంత్రి మీద పడుతుంది. ఈ సంగతి ముందే తెలిస్తే, ఆపరేషన్ అయ్యాక “గొంతు మారిపోయిందేంటి” అన్న కంగారు ఉండదు.

ఈ లేజర్ వెనక మన దేశంలో పుట్టిన మనిషే ఉన్నారండోయ్. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్, 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టారు. 1970ల మొదట్లో బోస్టన్‌లో స్ట్రాంగ్, జాకో అనే డాక్టర్లు దాన్ని స్వరపేటిక ఆపరేషన్లకు తెచ్చారు. ఈ కిరణాన్ని నీరు ఇట్టే పీల్చేసుకుంటుంది. మన కండలో ఎక్కువ భాగం నీరే కదా. అందుకే తగిలినచోట పొర ఆవిరైపోతుంది గానీ వేడి లోతుకు దిగదు. చిన్న చిన్న రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకుపోతాయి.

ఇక థియేటర్‌లోకి వెళ్దాం. పూర్తి మత్తు ఇస్తారు. పళ్లు దెబ్బతినకుండా అడ్డం పెట్టి, తల వెనక్కి వంచి, నోట్లోంచి ఒక స్టీలు గొట్టం దించి స్టాండుకు బిగిస్తారు. సర్జన్ రెండు చేతులూ ఖాళీ అవుతాయి. మైక్రోస్కోపులో చూస్తూ చిన్న జాయ్‌స్టిక్‌తో లేజర్‌ను నడుపుతారు. అసలు కిరణం కంటికి కనపడదు. అది ఎక్కడ పడుతుందో చూపించడానికి ఎర్రటి చుక్క ఒకటి తోడు వెళ్తుంది.

డాక్టర్లకు అసలు టెన్షన్ నిప్పుతోనే. ఊపిరి కోసం గొంతులోకి దించిన గొట్టంలో ఆక్సిజన్, పక్కనే లేజర్! అందుకని ఆ గొట్టం చివరి బెలూన్‌లో గాలి కొట్టరు, నీలం రంగు కలిపిన సెలైన్ నింపుతారు. పొరపాటున లేజర్ తగిలి చిల్లు పడితే నీలం నీళ్లు బయటికొచ్చి చెప్పేస్తాయి. ఆక్సిజన్‌ను 30 శాతం దాటనివ్వరు. కళ్ల మీద, ముఖం మీద తడి గుడ్డలు కప్పుతారు. పేరంతా సర్జన్‌కే వస్తుంది గానీ, ఇక్కడ మత్తు డాక్టరు పని తక్కువేం కాదు.

మరి కరెంటు (అంటే రేడియేషన్) పెట్టించుకోవడం మంచిదా, లేజరా? స్వరతంత్రి మీద ఒకటో స్టేజీలో ఉన్న క్యాన్సర్‌కు రెండూ బాగానే పనిచేస్తాయి. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి నయమవుతుంది. అక్కడ లింఫ్ నాళాలు చాలా తక్కువ, అందువల్ల జబ్బు మెడ గ్రంథులకు పాకడం ఆలస్యమవుతుంది. కరెంటు అంటే 5 నుంచి 7 వారాలు ఆసుపత్రి చుట్టూ తిరగాలి. లేజర్ చాలావరకు ఒక్కసారితో అయిపోతుంది. జబ్బు తిరగబెడితే మళ్లీ లేజర్ చేయొచ్చు, కరెంటు కూడా చేతిలో ఉంటుంది. కరెంటు మాత్రం ఒకసారి పెట్టినచోట మళ్లీ పెట్టడం కష్టం.

గొంతు విషయంలో మాత్రం లేజర్‌దే పైచేయి అని నేను చెప్పలేను. పైపొర వరకే తీస్తే మాట దాదాపు మునుపటిలా వస్తుంది. లోపలి కండ దాకా తీయాల్సి వస్తే గాలి కలిసిన మాట మిగిలిపోవచ్చు. పాట పాడేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు “ఎంత లోతు తీస్తారు డాక్టర్‌గారూ” అని ముందే అడగండి. రెండు తంత్రులూ ముందువైపు కలిసే మూలలో జబ్బుంటే లేజర్ అందడం కష్టం. నోరు సరిగ్గా తెరుచుకోనివాళ్లకూ, మెడ వంగనివాళ్లకూ ఇది కుదరకపోవచ్చు.

అయితే ఇదంతా తొందరగా దొరికితేనే. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కు గొంతు బొంగురుపోయింది. జర్మన్ డాక్టర్లు క్యాన్సర్ అన్నారు. బ్రిటన్ నుంచి వచ్చిన గొంతు డాక్టర్ మెకంజీ పరీక్షకని గొంతులోంచి తీసిన ముక్కల్లో, వాటిని మైక్రోస్కోపులో చూసిన జర్మన్ డాక్టర్ విర్కోకు క్యాన్సర్ కనపడలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. మరుసటి ఏడాది ఆయన చక్రవర్తి అయ్యాడు, 99 రోజులకే అదే జబ్బుతో పోయాడు. ఇప్పుడు కెమెరాలున్నాయి, స్కాన్‌లున్నాయి. అయినా తీసిన ముక్కలో జబ్బు పడకపోవడం ఇప్పటికీ జరగొచ్చు. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లకు బొంగురు 3 వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముక్క పరీక్షలో ఏమీ లేదని వచ్చినా గొంతు బాగుపడకపోతే, ఆ రిపోర్టు పట్టుకుని మళ్లీ వెళ్లి లోపల కెమెరా పెట్టి చూడమనండి.